తారు కింద ఇనుము: ఉంచుదామా, గీకేద్దామా?

కారును ప్రేమించేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు గాని, కారు కిందకు దూరి చూసేవాళ్ళు బహు తక్కువ. రంగు చూస్తారు, బంపరు మెరుపు చూస్తారు, సీటు నిమిరి చూస్తారు, హారన్ కొట్టి మురిసిపోతారు. అడుగుభాగం సంగతి మాత్రం జాకీ ఎత్తినవాడికే తెలియాలి. కాని ఏభై ఏళ్ళు దాటిన కారు ఇంకా బ్రతుకుతుందా లేదా అన్నది తేల్చేది ఆ అడుగుభాగమే.

ఈ మధ్య మన పూర్వవిద్యార్థుల్లో పాత కార్లను బాగుచేయించి తిప్పుకోవాలన్న సరదా పెరిగింది. నాన్నగారి అంబాసిడరనో, మామగారి ఫియట్ అనో ఏదో ఒకటి షెడ్డులోంచి బయటికి లాగుతారు. మెకానికల్ చదివి, ముప్ఫై ఏళ్ళపాటు ఇనుముతోను, తుప్పుతోను కాపురం చేసినవాణ్ణి కనుక నాకు ఫోను చేస్తారు. ఇంజను గూర్చి అడిగేవాళ్ళు కొందరు, రంగు గూర్చి అడిగేవాళ్ళు కొందరు. అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒకటుంది: "గురూ, కింద కొట్టిన తారు అలాగే ఉంచెయ్యమంటావా, మొత్తం గీకించెయ్యమంటావా?"

ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాణ్ణి నమ్మకండి. "ఉంచెయ్యండి" అనేవాడికి పని తప్పించుకోవాలని ఉండవచ్చు. "గీకెయ్యండి" అనేవాడికి పని పెంచుకోవాలని ఉండవచ్చు. అసలు ప్రశ్న తారు గూర్చి కాదు, తారు కింద ఉన్న ఇనుము గూర్చి. ఆ సంగతి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పూత ఎందుకు పుట్టింది?

కారు అడుగు రేకు మందం సుమారు ఒక్క మిల్లీమీటరు. దాని మీద చక్రాలు రాళ్ళు విసురుతాయి, బురద చల్లుతాయి, వానాకాలంలో నీళ్ళు చిమ్ముతాయి. రేకు డప్పులా మోగుతుంది కూడాను. ఈ మోతను తగ్గించడానికి, రాళ్ళ దెబ్బలు కాయడానికి, తడి తగలకుండా ఉండడానికి తారు వంటి మెత్తని పదార్థాన్ని దళసరిగా పూయడం మొదలుపెట్టారు. అదే అండర్ కోటింగు. మన షెడ్లలో మేస్త్రీలు దాన్ని తేలిగ్గా "తారు కొట్టడం" అంటారు.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఉత్తర అమెరికాలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం బాగా పెరిగింది. ఉప్పునీరు తగిలిన కార్లు కొద్ది ఏళ్ళలోనే జల్లెడలయ్యాయి. తుప్పు నివారణ పూత పెద్ద వ్యాపారమైంది. అక్కడివారికి నేటికీ బాగా తెలిసిన జీబార్ట్ కంపెనీ 1959లో డెట్రాయిట్ నగరంలో ఆ పని మీదే మొదలైంది. మనకు మంచు లేదు, రోడ్డు మీద ఉప్పు లేదు. అయితే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల సముద్రమే ఆ పని చేసిపెడుతోంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. ఉప్పు ధూళి కూడా తోడైతే ఇక చెప్పనక్కరలేదు. విశాఖలో సంవత్సరంలో ఎక్కువ రోజులు తేమ ఆ గీత పైనే ఉంటుంది.

ఇక్కడ కారు నిర్మాణం గూర్చి ఒక మాట చెప్పాలి. జీపుకు గాని, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డుకు గాని కింద వేరే ఛాసిస్ ఉంటుంది. బాడీని దాని మీద బోల్టులతో బిగిస్తారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నుంచి పుట్టి, 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ అలాంటిది కాదు. బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100, దాని వారసురాలు ప్రీమియర్ పద్మిని కూడా అంతే. వీటిలో ఛాసిస్ వేరు, బాడీ వేరు కాదు. రేకులన్నీ కలిపి అతికిన డొల్లే బరువంతా మోస్తుంది. గుడ్డుపెంకు పల్చన, కాని ఆకారం చెడనంతకాలం గట్టిదే కదా! ఒకచోట బీట వేస్తే దాని బలం ఎంత? కనుక ఇటువంటి కారులో అడుగురేకు చివికిపోవడం అంటే చాప చిరగడం కాదు, ఇంటి దూలం పుచ్చడం.

కనపడని దొంగ

తారు నీటిని రానివ్వదు కదా, మరి దాని కింద తుప్పు ఎలా పడుతుంది? ఈ సందేహం చాలామందికి ఉంది. "తారు కొడితే ఇనుముకి చావు లేదు సార్" అని మేస్త్రీ అంటాడు. తారు అంటుకొని ఉన్నంతకాలం ఆ మాట నిజమే. కాని తారు ముసలిదవుతుంది. ఎండకు, సైలెన్సర్ వేడికి దానిలోని తేలిక నూనెలు ఆవిరైపోతాయి. మెత్తదనం పోయి పెళుసెక్కుతుంది. ఒక రాయి తగిలి సన్నని నెర్రె వస్తుంది. ఆ నెర్రెలోకి నీరు దారం వెంట నూనె పాకినట్లు పాకుతుంది. పాకిన నీరు బయటకు రాదు. పైన తారు ఉన్నది కాబట్టి ఎండ తగలదు, గాలి తగలదు, ఆరదు. అంతవరకు నీటిని ఆపిన పూత ఆ రోజు నుంచి నీటిని కాపాడే పూత అవుతుంది! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అది ఇదే.

రసాయనశాస్త్రం దృష్ట్యా ఇందులో ఇంకొక విశేషం ఉంది. ఇరవయ్యో శతాబ్ది మొదటి సగంలో కేంబ్రిడ్జిలో ఎవాన్స్ అనే శాస్త్రవేత్త చేసి చూపిన ప్రయోగం మన ప్రయోగశాలలో ఎవరైనా చేసుకోవచ్చు. శుభ్రమైన ఇనుపరేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు వేయండి. ఆ నీటిలో కాస్త ఫినాఫ్తలీన్, కాస్త పొటాషియం ఫెర్రిసయనైడ్ ముందే కలిపి ఉండాలి. కొద్దిసేపట్లో బొట్టు అంచు గులాబిరంగు, నడుమ నీలిరంగు తిరుగుతుంది. గాలి బాగా అందే అంచున ఆక్సిజన్ ఖర్చవుతుంది. గాలి అందని నడుమన ఇనుము కరుగుతుంది. అంటే గాలి తగిలినచోట కాక, తగలనిచోటే లోహం తినబడుతుందన్నమాట. ఇదే సూత్రాన్ని పగిలిన తారుకు అన్వయించండి. నెర్రె దగ్గర గాలి ఉంది, లోపల లేదు. కనుక మనకు కనపడే నెర్రె దగ్గర ఇనుము కాస్త బాగానే ఉండి, రెండంగుళాల లోపల గుంటలు పడుతుంటాయి. తుప్పు ఘనపరిమాణం అది తిన్న ఇనుముకు రెండింతలకు పైగా ఉంటుంది కాబట్టి, అది ఉబ్బి తారును ఇంకా పైకి లేపుతుంది. నెర్రె పెరుగుతుంది, నీరు పెరుగుతుంది. పైనుంచి చూస్తే మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం!

రెండు కార్లు, రెండు తీర్పులు

సిద్ధాంతం చెప్పి ఊరుకుంటే మన కుర్రాళ్ళు ఒప్పుకోరు కనుక నేను చూసిన రెండు కార్ల ముచ్చట చెబుతాను.

మొదటిది ఒక ఫియట్. కర్నూలు జిల్లాలో ఒక లాయరుగారిది. పొడి ప్రాంతం, కారు ఎప్పుడూ కప్పు కిందే ఉండేది. ఆయన మనవడు మా జూనియర్. కిందంతా పాత తారు, ఎక్కడా పెచ్చు లేవలేదు. అతనికి మొత్తం గీకించి, అద్దంలా రంగు వేయించాలని ఉబలాటం. పన్నెండు చోట్ల చిన్నచిన్న గళ్ళు గీకి చూశాము. పదకొండు చోట్ల కింద ఫ్యాక్టరీ రంగు చెక్కు చెదరలేదు. ఒకచోట, ముందు చక్రం వెనుక మూలలో, అరచేయంత మేర తుప్పు ఉంది. అంతమేరకే గీకి, బాగుచేసి, మళ్ళీ పూత వేయించాము. మిగతాది ముట్టుకోలేదు. ఏభై ఏళ్ళు నమ్మకంగా పనిచేసినవాణ్ణి వయసయిందన్న ఒక్క కారణంతో ఉద్యోగంలోంచి తీసేస్తామా?

రెండవది అంబాసిడర్. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లోది. ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు పైసా పైసా కూడబెట్టి కొన్న కారు. ఆయన పోయాక కొడుకు దాన్ని బాగుచేయించి, ఇంజనీరింగులో చేరిన తన కూతురికి డ్రైవింగు నేర్పాలనుకున్నాడు. "తాతగారి బండి మీదే నేర్చుకోవాలి" అని ఆ అమ్మాయి పట్టుబట్టిందట. అంతకు రెండేళ్ళ ముందు ఒక షెడ్డులో కింద కొత్తగా తారు కొట్టించారు. చూడడానికి ముచ్చటగా ఉంది, ఎక్కడా చిన్న గీత లేదు. "ఇది ఇంత బాగుంటే గీకడమెందుకురా? డబ్బు దండగ" అన్నాడు మావాడి బావమరిది.

"కొత్త తారంటేనే నాకు భయం" అన్నాను. పాత తారు తన జబ్బును తనే చూపిస్తుంది; కొత్త తారు పాత జబ్బును దాస్తుంది.

గళ్ళు గీకడం మొదలుపెట్టాము. మొదటి ఆరు చోట్ల ఫరవాలేదు, పైపై తుప్పు. ఏడవది వెనుక కమాను కట్ట ముందుకొన బిగించే చోటు. తారు గీకి, బరమాతో కాస్త నొక్కాను. బరమా పిడి దాకా లోపలికి దిగింది. అక్కడ ఇనుము లేదు. తుప్పు పెచ్చులు, దాని మీద లప్పం, దాని మీద తారు. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "ఈ బండిలో పిల్లని రేపు వారం భీమిలి రోడ్డు మీదికి తీసుకెళదామనుకున్నాను" అన్నాడు. వేగంగా పోతున్నప్పుడు ఆ చోటు ఊడివస్తే వెనుక ఇరుసు ఒక పక్కకు తిరుగుతుంది. తరువాత స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా ఒకటే.

ఆ కారుకు మొత్తం గీకించాము. పది రోజుల పని. ఏడెనిమిది చోట్ల కొత్త రేకు వేసి అతకవలసి వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఆ కారే నడుపుతోంది.

గళ్ళు గీకి చూడడం ఎలా?

ఇక మీరే స్వయంగా తేల్చుకోవాలంటే పద్ధతి ఇది. కారును జాకీ మీద మాత్రమే నిలిపి ఎన్నడూ కిందకు దూరవద్దు. గట్టి స్టాండ్ల మీద నిలపాలి, లేదా గుంట ఉన్న షెడ్డుకు తీసుకుపోవాలి. ముందుగా స్క్రూడ్రైవరు పిడితో అడుగంతా తట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖణీమంటుంది, చివికినది బద్దలైన కుండలా మోగుతుంది. అంచులలో తారు గోటితో లేస్తున్నదా చూడండి.

తరువాత అగ్గిపెట్టెంత గళ్ళు పన్నెండు గీకండి. ఎక్కడ పడితే అక్కడ కాదు. జాకీ పెట్టే నాలుగు చోట్లు, కమాన్లు బిగించే చోట్లు, తలుపుల కింద పెట్టె ఆకారంలో ఉండే దూలాలు, చక్రాల వెనుక బురద పేరుకునే మూలలు, రెండు రేకులు అతికిన కీళ్ళు, డిక్కీ అడుగు. అంబాసిడరయితే, ముందు చక్రాల నుంచి వెనక్కు వచ్చే టార్షన్ బార్లు ఆనుకునే అడ్డదూలం తప్పక చూడాలి. ముందుభాగం బరువు మెలితిప్పే శక్తిగా వచ్చి పడేది దాని మీదే. ఒక్కొక్క గడికి నెంబరు వేసి, ఫోటో తీసి, నోటు పుస్తకంలో రాసుకోండి. పరీక్షల రికార్డు రాసినట్టు కాకుండా, నిజంగా చూసింది రాయండి!

ఫలితాన్నిబట్టి తీర్పు ఇలా ఉంటుంది. గళ్ళన్నిటిలోను కింద రంగు చెక్కుచెదరకుండా ఉంటే తారు ఉంచెయ్యండి. ఒకటి రెండు చోట్ల, అదీ ఒకే మూలలో తుప్పుంటే, మంచి ఇనుము కనబడేదాకా ఆ మూల మాత్రం గీకండి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? మూడు నాలుగు వేర్వేరు చోట్ల తుప్పుంటే, లేదా ఎవరో తెలియనివారు ఈ మధ్య తారు కొట్టి ఉంటే, మొహమాటం లేకుండా మొత్తం గీకించండి. బరువు మోసే చోట్లు మాత్రం తారు ఎంత బాగున్నా ఒకసారి తెరిచి చూడవలసిందే.

గీకేటప్పుడు జాగ్రత్తలు

అంబాసిడర్ అడుగు సుమారు ఏడు చదరపు మీటర్లు. రెండు మిల్లీమీటర్ల మందాన తారు ఉన్నదనుకుంటే పద్నాలుగు లీటర్లు, అంటే పద్నాలుగు కిలోలకు తగ్గని పదార్థం మీరు గీకి తీయాలి. కండబలం ఒక్కటే చాలదు. తారును వేడి చేస్తే మెత్తబడుతుంది కనుక వేడిగాలి యంత్రంతో కాస్త కాచి, రేకు కత్తితో తీయడం సులువైన మార్గం. గ్యాసు మంట పెట్టవద్దు. పైన పెట్రోలు గొట్టం ఉందన్న సంగతి మరవరాదు. కాలిన తారు పొగ ఊపిరికి చెరుపు. మిగిలిన మరకను కిరసనాయిలు గుడ్డతో తుడవవచ్చు, పెట్రోలుతో వద్దు. ఇసుక కొట్టించడం తారు మీద పనిచేయదు. ఇసుక ఎగిరిపోతుంది, తారు నవ్వుతుంటుంది. పైగా పల్చని రేకు వంకర పోతుంది. విదేశాల్లో పొడి మంచు పలుకులను కొట్టే పద్ధతి వచ్చింది. అది సున్నాకు దిగువ 78 డిగ్రీల చలి. తారు గాజులా పెళుసెక్కి ఊడిపోతుంది, ఇనుముకు దెబ్బ తగలదు. అది ఖరీదైన పని.

ముఖ్యమైన హెచ్చరిక: పాతకాలపు కొన్ని పూతల్లో ఆస్బెస్టాస్ నారలు కలిపేవారు, పాత రంగుల్లో సీసం ఉండేది. కనుక పొడిగా గ్రైండరు పెట్టి దుమ్ము లేపవద్దు. తడిపి గీకాలి, దుమ్మును ఆపే మంచి మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. షెడ్డులో పనిచేసే కుర్రాడికి కూడా అవి కొనిపెట్టండి. ముందు ఆ కుర్రాడి ఊపిరితిత్తులు, తరువాతే మన సరదా.

గీకిన తరువాత?

గీకడంతో పని సగమే అయింది. వట్టి ఇనుమును వారం రోజులు విశాఖ గాలికి వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది. పెచ్చు తుప్పు వైరు బ్రష్షుతో పోవాలి. చివికిన రేకు కోసి అదే మందం రేకు అతకాలి. లప్పం పెట్టి మూసేది మరమ్మతు కాదు, మోసం. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం గాని, టానిన్ కలిసిన మందు గాని పూస్తారు. టానిన్ తుప్పుతో కలిసి నల్లని స్థిరమైన పొరగా మారుతుంది. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. కరక్కాయ రసంలో ముంచిన బట్ట మీద ఇనుపతుప్పు, బెల్లం ఊరబెట్టిన నీటితో గీతలు గీసి మన కాళహస్తి కలంకారీవాళ్ళు నల్లరంగు తెప్పించడం లేదూ? కరక్కాయలో ఉన్నదీ టానినే, అక్కడ జరిగేదీ ఇదే చర్య. తాతలనాటి అద్దకం, మనవలనాటి మోటారు మందు ఒకే గూటి పక్షులు.

దాని మీద ఎపాక్సీ ప్రైమరు, కీళ్ళలో అతుకుమందు, ఆపైన రబ్బరు కలిసిన పల్చని పూత. జింకు ప్రైమరు వాడదలిస్తే శుభ్రమైన వట్టి ఇనుము మీదే వేయాలి. జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది; మధ్యలో తుప్పు ఉంటే ఆ త్యాగం దానికి చేరదు. పెట్టె దూలాల లోపలికి తారు కాక మైనం చిమ్మాలి. మైనం పగలదు, సందుల్లోకి తనంత తానే పాకుతుంది. నీరు పోయే రంధ్రాలను ఏ పూతతోను మూయకండి. ఎన్నో మంచి కార్లు ఈ ఒక్క నిర్లక్ష్యానికే లోపలినుంచి కుళ్ళిపోయాయి.

"అసలుతనం" మాటేమిటి?

గీకవద్దనేవాళ్ళ వాదనలో ఒక న్యాయం ఉంది. పూత తీస్తే దానితోపాటు ఫ్యాక్టరీ రంగు, సుద్ద గుర్తులు, వెల్డింగు చుక్కలు, కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ పోతాయి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ చెప్పేది కూడా, ఉన్నదాన్ని ఉన్నట్లు కాపాడడం కొత్తగా చేయడంకన్నా మేలని. మన కేంద్రప్రభుత్వం 2021 జులైలో వింటేజి వాహనాలకు వేరే రిజిస్ట్రేషను నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్‌లోనో, బాడీ డొల్లలోనో, ఇంజనులోనో పెద్ద మార్పులు చేయని వాహనానికే ఆ గౌరవం. అందుచేత రేకు మార్చవలసి వస్తే అదే ఆకారంలో మార్చి, ముందూ వెనుకా ఫోటోలు తీసి భద్రపరచుకోండి.

అయితే షెడ్డులో కదలకుండా కొలువుదీరే కారుకు, రోడ్డెక్కే కారుకు తేడా ఉంది. మ్యూజియంలో చరిత్ర ముందు. రోడ్డు మీద ప్రాణం ముందు. పుచ్చిన దూలానికి చారిత్రక విలువ ఎంత ఉన్నా, దాని కింద పిల్లల్ని పడుకోబెట్టం కదా.

కనుక మిత్రులారా, తారు మీద ప్రేమా వద్దు, పగా వద్దు. పన్నెండు గళ్ళు గీకడానికి ఒక ఆదివారం చాలు. కావలసింది ఒక స్క్రాపరు, ఒక బరమా, చూసింది చూసినట్టు ఒప్పుకొనే మనసు. మనుషుల విషయంలోను, సంస్థల విషయంలోను కూడా మనం పైపూత చూసి తీర్పు చెప్పడానికే అలవాటు పడ్డాము. ఇంజనీరన్నవాడికి ఆ అలవాటు తగదు. పుస్తకంలో తుప్పు సమీకరణం కంఠస్థం చేసిన విద్యార్థులు ఒక్కసారి కారు కిందకు దూరి, చేతితో తట్టి, చెవితో విని చూడండి. ఆ తరువాత మీ నాన్నగారి కారు మీకేం చెబుతుందో వింటే, ఉంచాలో గీకాలో నన్ను అడగవలసిన అవసరం ఉండదు.